వినోబా భావే, పోచంపల్లి భూదానం, మీ తాతగారి రెండెకరాలు

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. చౌటుప్పల్ వైపు మీ తాతగారికి భూదానంలో (భూమి ఉన్నవాళ్ళు పేదలకు ఇచ్చిన దానంలో) వచ్చిన రెండెకరాల చెల్క (మెట్ట భూమి) రిజిస్ట్రేషన్లు ఆపిన నిషేధిత జాబితాలో పడింది, ఇప్పుడేం చేయాలన్నది ఒకటి. స్కూల్లో వినోబా భావేను గాంధీ అంతటివాడని చెప్పారు, మీ ఊరి పెద్దమనిషి ఒకాయన మాత్రం "అదంతా దొరల భూములు కాపాడడానికి చేసిన పని" అంటున్నాడు, ఇందులో ఏది నిజమన్నది రెండోది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో పేదల భూమి కాగితాల పనిలోనే నా వయసులో ఎక్కువ భాగం గడిచింది. మీ రెండెకరాల చిక్కు ఎక్కడ మొదలైందో తెలియాలంటే వినోబా గురించి తెలియాలి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆయన అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబర్ 11న ఇప్పటి మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లా గాగోదెలో పుట్టారు. 1916లో ఇంటర్ పరీక్ష రాయడానికని బొంబాయి రైలెక్కి, మధ్యలో సూరత్‌లో దిగిపోయి కాశీ వెళ్ళారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో గాంధీ చేసిన ప్రసంగం గురించి అక్కడ చదివి, ఆయనకు ఉత్తరాలు రాసి, అదే ఏడాది జూన్‌లో అహ్మదాబాద్ దగ్గరి కోచ్రబ్ ఆశ్రమంలో కలిశారు. ఇక వెనక్కి పోలేదు. 1921లో వార్ధా ఆశ్రమం బాధ్యత తీసుకున్నారు. 1932లో ధూలే జైల్లో తోటి ఖైదీలకు మరాఠీలో గీత చెప్పారు. సానే గురూజీ వాటిని రాసిపెట్టడం వల్లే గీతా ప్రవచనాలు మనకు దక్కాయి. 1940లో వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు గాంధీ మొదట ఎంచుకున్నది వినోబానే, నెహ్రూది రెండో పేరు. అయినా అప్పటిదాకా దేశంలో చాలామందికి ఆయనెవరో తెలియదు. గాంధీ పోయాక మూడేళ్ళకు, మన జిల్లాకు వచ్చాకే ఆయన దేశమంతటికీ నాయకుడయ్యారు.

1951 నాటి నల్గొండను ఊహించుకోకపోతే ఈ కథ అర్థం కాదు. నిజాం కాలంలో ఇక్కడ దేశ్‌ముఖుల చేతుల్లో ఊళ్ళకు ఊళ్ళే ఉండేవి. సూర్యాపేట వైపు జన్నారెడ్డి వారి భూమి ఒక్కటే లక్ష ఎకరాలు దాటిందని చెబుతారు. వెట్టిచాకిరి, గడీల ముందు చేతులు కట్టుకొని నిలబడడం, పండిన గింజ కల్లం నుంచే లెవీ (సర్కారు బలవంతపు ధాన్య సేకరణ) కింద పోవడం, ఇవన్నీ మీ తాతగారి తరం కళ్ళారా చూసినవే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. జనగామ తాలూకా అప్పుడు నల్గొండ జిల్లాలోనే ఉండేది. అక్కణ్ణుంచి కమ్యూనిస్టులు నడిపిన సాయుధ పోరాటం ఊరూరా పాకింది, సంఘం (ఆంధ్ర మహాసభ) భూములు పంచింది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చి నిజాం పాలన ముగిశాక, పారిపోయిన దొరలు పోలీసుల అండతో మళ్ళీ ఊళ్ళకు వచ్చారు. పేదలు దున్నుకుంటున్న భూములు చాలాచోట్ల మళ్ళీ వాళ్ళ చేతుల్లోకి పోయాయి. పగలు పోలీసు, రాత్రి కమ్యూనిస్టు దళం, మధ్యలో ఊరు. వినోబా అడుగు పెట్టింది సరిగ్గా ఆ సమయంలో.

హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి (గాంధీ అనుచరుల సభకు) ఆయన వార్ధా దగ్గరి పౌనార్ నుంచి మార్చిలో బయల్దేరి నెల రోజులు నడిచి వచ్చారు. అది అయ్యాక ఏప్రిల్ 15న, శ్రీరామనవమి రోజు, హైదరాబాద్ జైల్లో ఉన్న కమ్యూనిస్టులను కలిసి మాట్లాడి నల్గొండ దారి పట్టారు. ముందు ఆ పోరాటం నడిపినవాళ్ళ మాట విన్నారు, తర్వాతే ఊళ్ళోకి వచ్చారు. మీ ఊరి పెద్దమనిషికి ఈ సంగతి చెప్పండి.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. ఊళ్ళో ఎక్కువ మందికి గుంట భూమి కూడా లేదు. ఆయన నేరుగా హరిజనవాడకు వెళ్ళారు. ఏం కావాలని అడిగితే వాళ్ళు భూమి కావాలన్నారు. ఎంత అంటే, నలభై కుటుంబాలకు 80 ఎకరాలు చాలన్నారు, 40 ఎకరాలు తరి (నీటి పారకం ఉన్నది), 40 ఎకరాలు ఖుష్కీ (మెట్ట). కుటుంబానికి రెండెకరాలు. మీ తాతగారి రెండెకరాల లెక్క ఆ రోజు ఆ వాడలో వేసిన లెక్కే. అంతమంది ఏళ్ళ తరబడి ఆకలితో ఉండి కూడా, ఎవరైనా అడుగు అన్నప్పుడు తమ కష్టానికి సరిపడేంతే అడిగారు. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఈ ఉద్యమంలో గొప్ప మాట ఏదైనా ఉందంటే అది ఆ వాడవాళ్ళది. పుస్తకాల్లో వాళ్ళ పేర్లు లేవు.

ప్రభుత్వాన్ని అడుగుదామన్నది వినోబాకు మొదట తట్టిన ఆలోచన. అయినా సభలో, ప్రభుత్వం ఆలస్యం చేస్తే ఊళ్ళోవాళ్ళే ఎవరైనా సాయం చేయగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఆయన పెద్ద భూస్వామి కుటుంబంలోనివారు. అడిగింది ఎనభై, వచ్చింది వంద. వినోబాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటారు. మర్నాటి నుంచి ప్రతి ఊళ్ళో అదే అడగడం మొదలుపెట్టారు. నీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడనుకో, నా వాటా ఇవ్వు అని. 51 రోజుల్లో సుమారు రెండు వందల ఊళ్ళు తిరిగి 12,201 ఎకరాలు పోగుచేశారు.

ఇప్పుడు దొరల సంగతి. మీ పెద్దమనిషి మాటను కొట్టిపారేయను. ఇచ్చినవాళ్ళలో కొందరు భయంతో ఇచ్చారు. 1946 నుంచి ఐదేళ్ళు పేదలు రక్తం ధారపోసి ఉండకపోతే ఏ భూస్వామీ సభలో లేచి నిలబడేవాడు కాదు. వినోబా వచ్చేనాటికే నేల పదునెక్కి ఉంది. కొందరు రాళ్ళగుట్టలు ఇచ్చారు. కొందరు అప్పటికే రక్షిత కౌలుదారు (చట్టం రక్షణ ఉన్న కౌలు రైతు) దున్నుతున్న భూమిని దానం రాసి, పేదవాడికీ పేదవాడికీ తగువు పెట్టారు. 1950 కౌలుదారీ చట్టం వచ్చిన కొత్తలో ఇది చాలా సులువుగా జరిగింది. పైగా 12,201 ఎకరాలు అన్నది మొత్తం తెలంగాణ దొరల భూమి ముందు ఏ మూలకు?

కానీ వినోబా వల్ల పోరాటం చల్లారిందన్న మాట లెక్కకు నిలవదు. పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబర్‌లో వచ్చింది, దానికి కమ్యూనిస్టు పార్టీ లోపలి కారణాలు చాలా ఉన్నాయి. నాలుగు నెలలు తిరక్కుండా జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో నల్గొండ నుంచి పీడీఎఫ్ (కమ్యూనిస్టులు పోటీ చేసిన పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్) తరఫున రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కొక్కరికి రెండు ఓట్లు ఉండేవి. అది లెక్కలోకి తీసుకున్నా జనం మనసు ఎటుందో తెలుస్తూనే ఉంది. వినోబాకు నమస్కారం పెట్టిన చేతులే పోరాటానికి ఓటు వేశాయి. మన జిల్లా జనం ఆ రెంటినీ శత్రువులుగా చూడలేదు. తర్వాత పుస్తకాలు రాసినవాళ్ళు అలా చూశారు.

ఇంకొకటి కూడా మరిచిపోకూడదు. దానం చేసింది పెద్దవాళ్ళొక్కరే కాదు. నాలుగైదెకరాల రైతులు గుంటల లెక్కన ఇచ్చారు. అంత కొంచెం భూమి తీసుకోవడం ఎందుకని అడిగినవాళ్ళకు వినోబా చెప్పింది, పేదవాడు ఇస్తే ఉన్నవాడికి తప్పించుకునే దారి ఉండదని. నాకు ఆయనలో బాగా నచ్చేది ఇదే.

ఇక్కడ మొదలైంది దేశమంతా పాకింది. నెహ్రూ ప్రణాళికా సంఘంతో మాట్లాడడానికి రమ్మంటే పౌనార్ నుంచి ఢిల్లీకి కూడా నడిచే వెళ్ళారు. సాగుభూమిలో ఆరో వంతు, అంటే ఐదు కోట్ల ఎకరాలు 1957కల్లా పోగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. 1952లో ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోత్ ఊరు ఊరంతా భూమి ఇచ్చేసింది, అది గ్రామదానానికి నాంది. 1954లో బోధ్‌గయలో జయప్రకాశ్ నారాయణ్ జీవితమంతా దీనికే అని ప్రకటించారు. 1960లో చంబల్ లోయలో బందిపోట్లు వినోబా ముందు ఆయుధాలు దించారు. 1951 నుంచి 1964 దాకా ఎండా వానా లేకుండా నడిచారు. చివరికి లెక్క చూస్తే చేతికి వచ్చినది నలభై లక్షల ఎకరాలు దాటింది, అందులో సగం దాకా బీహార్‌దే. లక్ష్యంలో పదో వంతు కూడా కాదు. వచ్చినదాంట్లో కూడా చాలా భాగం సాగుకు పనికిరానిదో, తగువులో ఉన్నదో అయి, పంచకుండానే ఉండిపోయింది.

ఎందుకిలా అయింది? పని చేసినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. అడగడంలో వినోబా అంతటి మనిషి లేడు. ఆయన ఊళ్ళోకి వస్తే మనసు మెత్తబడేది. కానీ మర్నాడు తెల్లవారకముందే ఆయన తర్వాతి ఊరికి నడిచి వెళ్ళిపోయేవారు. ఆ ఊళ్ళో దానపత్రం మిగిలేది. దానిలో ఫలానా సర్వే నంబరులో పదెకరాలు అని ఉండేది కానీ హద్దులు ఉండేవి కావు. ఆ పదెకరాలు కొలిచి, రాళ్ళు పాతించి, బై నంబరు (సర్వే నంబరులో విడి భాగానికి ఇచ్చే నంబరు) వేయించి, పహాణీలో (ఏటా రాసే భూమి, సాగు రికార్డులో) పేరు ఎక్కించేవాడు లేడు. కమ్యూనిస్టుల సంఘానికి ఊరూరా మనుషులుండేవారు. కాంగ్రెస్‌కు పటేల్, పట్వారీలుండేవారు. వినోబాకు ఊళ్ళో ఎవరూ లేరు. ఆయనకు సంస్థ కట్టడం మీద ఇష్టమే లేదు, మనిషి మారితే చాలనుకున్నారు. దాత మనసు నిజంగానే మారి ఉండొచ్చు. దాత కొడుకు మనసు మారలేదు, పట్వారీ మనసు అసలే మారలేదు. పట్టాదారు కాలమ్‌లో దాత పేరు అలాగే ఉండిపోయింది. ముప్పై నలభై ఏళ్ళకు భూమి ధర పెరిగాక ఆ పేరు పట్టుకొని వారసులు అమ్ముకున్నారు. హైదరాబాద్ చుట్టూ మహేశ్వరం, ఇబ్రహీంపట్నం వైపు నడుస్తున్న భూదాన కేసుల మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది. చట్టం కూడా ఆలస్యంగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం 1965లో గానీ రాలేదు. పోచంపల్లి సభ జరిగి అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఆయన చివరి రోజుల గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఎమర్జెన్సీ కాలంలో 'అనుశాసన పర్వం' (క్రమశిక్షణ కాలం) అన్న ఆయన మాటను ప్రభుత్వం గోడలమీద రాయించుకుంది. ఒకప్పుడు ఆయన వెంట నడిచిన జయప్రకాశ్ నారాయణ్ అప్పుడు నిర్బంధంలో ఉన్నారు. తన మాటను అలా వాడుకోవడాన్ని వినోబా గట్టిగా ఖండించి ఉండాల్సింది. ఆయన్ని ప్రేమించేవాళ్ళకు అది ఇప్పటికీ బాధే. 1982 నవంబర్‌లో జబ్బు ముదిరాక మందు, ఆహారం మానేసి, 15న పౌనార్‌లో వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు.

మరి మిగిలిందేమిటి? ఎకరాల లెక్కలోనే చూస్తే సగమే చెప్పినట్టు. తమిళనాడులో కృష్ణమ్మాళ్ జగన్నాథన్ భూదానంలోంచే వచ్చారు. దానం మీదే ఆధారపడితే లాభం లేదని గ్రహించి, లాఫ్టీ సంస్థ పెట్టి, బేరమాడి భూములు కొనిపించి దళిత మహిళల పేర రాయించారు. 2008లో ఆమెకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. వినోబాలో లేనిదాన్ని, కాగితం దాకా వెంటపడే ఓపికను, ఆమె చేర్చారు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 1969లో నల్లజాతి రైతులు కలిసి పెట్టుకున్న న్యూ కమ్యూనిటీస్ భూమి ట్రస్టుకు ప్రేరణల్లో మన గ్రామదానం ఒకటి. ఆ నమూనా పట్టుకొని ఇప్పుడు చాలా దేశాల్లో ఇళ్ళ స్థలాల ట్రస్టులు నడుస్తున్నాయి. ఇక పోచంపల్లిని ఇప్పుడు అందరూ చీరల పేరుతోనే గుర్తుపడతారు, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామమని గుర్తించింది కూడా. ఊరి పేరులో భూదాన్ ఉంది, వినోబా విగ్రహం ఉంది. కానీ అసలు వారసత్వం విగ్రహంలో వెతక్కండి. మీ తాతగారిలాంటి వాళ్ళు డెబ్బై ఏళ్ళుగా దున్నుకుంటూ, అన్నం తింటూ ఉన్న చెల్కలున్నాయి, అక్కడ వెతకండి. దాన్ని నిలబెట్టడమో పోగొట్టడమో మన చేతుల్లో ఉంది కాబట్టే ఇక మీ భూమి సంగతికి వస్తున్నాను.

ముందు టెన్షన్ పడకండి. నిషేధిత జాబితాలో ఉందంటే భూమి పోయిందని కాదు. భూదాన భూమిని అమ్మడానికీ కొనడానికీ చట్టం ఒప్పదు, అందుకే రిజిస్ట్రేషన్ కాకుండా ఆ జాబితాలో పెడతారు. కబ్జాలో ఉండి సాగు చేసుకునే హక్కు, తాత నుంచి మీ నాన్నకు, మీకు రావాల్సిన వారసత్వ హక్కు అలాగే ఉంటాయి. ఎవరైనా "జాబితాలోంచి తీయిస్తా, సగం నాకు రాయి" అంటే దగ్గరికి రానివ్వకండి. అలాంటి అగ్రిమెంట్లు చట్టం ముందు నిలవవు, కానీ భూమి మాత్రం చేతులు మారిపోతుంది.

మీ దగ్గర అసలు ఏముందో ఇంట్లో వెతకండి. ట్రంకుపెట్టెలో, దేవుడి పటం వెనక, పాత రేషన్ కార్డుల మధ్య భూదాన బోర్డు ఇచ్చిన పట్టా కాగితం ఉండొచ్చు. చినిగిపోయినా పారేయకండి, అతికించవద్దు, అలాగే ఫోటో తీసి పెట్టుకోండి. శిస్తు కట్టిన రసీదులుంటే అవీ బంగారమే.

తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, అక్కణ్ణుంచి పదేళ్ళకోసారి చొప్పున పహాణీ నకళ్ళు తీయండి. ఖాస్రాలో దాత పేరే పట్టాదారుగా ఉంటే కంగారు పడకండి, చాలావరకు అలాగే ఉంటుంది. మీరు చూడాల్సింది అనుభవదారు (భూమి నిజంగా సాగు చేస్తున్నవాడి) కాలమ్. అక్కడ మీ తాతగారి పేరు ఏ సంవత్సరం నుంచి కనిపిస్తుంది, మధ్యలో ఎప్పుడు మాయమైంది అన్నది పట్టుకోవాలి. చాలా కేసుల్లో 2017లో జరిగిన భూ రికార్డుల ప్రక్షాళనలో తగువు భూమి అని పార్ట్-బీలో వేసేసి, ఆ తర్వాత ధరణిలో (ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్‌లో) మొత్తం సర్వే నంబరునే ఆపేశారు. దాత ఇచ్చింది పదెకరాలైతే ఆ నంబరులోని నలభై ఎకరాలూ ఆగిపోయి ఉంటాయి. అప్పుడు పక్క పట్టాదారు కూడా మీ మీద కోపంగా ఉంటాడు. ఆయనతో గొడవ పెట్టుకోకండి. నంబరు విడదీయించాలన్న అవసరం ఆయనకూ ఉంది, ఇద్దరూ కలిసి దరఖాస్తు పెడితే సర్వేయర్ తొందరగా వస్తాడు.

మూడోది సమాచార హక్కు దరఖాస్తు. తహసీల్దార్ ఆఫీసుకు ఒకటి, కలెక్టరేట్‌కు ఒకటి. మూడు కాగితాలు అడగండి: ఆ సర్వే నంబరు మీద దాత ఇచ్చిన దాన ప్రకటన, దాన్ని విచారించి తహసీల్దార్ ధ్రువీకరించిన ఉత్తర్వు, లబ్ధిదారులకు పంచిన జాబితా. రెండోది దొరికితే మీ పని సగం అయినట్టే. దానం ధ్రువీకరణ అయ్యాక దాత వారసులకు ఆ భూమి మీద హక్కు ఉండదు, వాళ్ళు తర్వాత ఎవరికి అమ్మినా అది చెల్లదని వాదించడానికి అదే మీ బలం. అది దొరకకపోతే పంపిణీ జాబితా, పాత పహాణీలు, శిస్తు రసీదులు కలిపి వాదించాలి. కష్టమే, కానీ అలా నిలబెట్టుకున్న కుటుంబాలను నేను చూశాను.

2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. తహసీల్దార్ ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి, ఆపైన కలెక్టర్ దగ్గరికి అప్పీలు చేసుకునే దారి ఇందులో ఉంది. ధరణి రోజుల్లో చాలామందిని సివిల్ కోర్టుకు పొమ్మని పంపేసేవారు. మీ దరఖాస్తులో రెండు విషయాలు విడివిడిగా రాయండి. మీ తాతగారి పేరు మీదున్న భూదాన పట్టాకు విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) చేయమని ఒకటి, సర్వే చేసి మీ రెండెకరాలకు బై నంబరు వేయమని రెండోది. నిషేధిత జాబితా నుంచి తీసేయమని మాత్రం అడగకండి. భూదాన భూమికి ఆ కాపలా ఉండడమే మేలు, అది తీసేస్తే మీకంటే ముందు రియల్ ఎస్టేట్ వాళ్ళే వస్తారు. విరాసత్‌లో మీ మేనత్తల పేర్లు వదిలిపెట్టకండి. ఆడపిల్లల పేర్లు లేకుండా పెట్టిన దరఖాస్తు మీద తర్వాత అభ్యంతరం వస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

సర్వేకి వచ్చేరోజు మీ ఊరి పెద్దమనిషిని కూడా పిలవండి. ఆ వయసువాళ్ళకు హద్దురాళ్ళు, పాత బాటలు, ఏ చెట్టు కింద ఎవరి గెట్టు అన్నది గుర్తుంటుంది. పంచనామాలో ఆయన సంతకం పనికొస్తుంది. వినోబా మీద ఆయనకున్న అభిప్రాయం దానికి అడ్డు రాదు.

పట్టా కాగితం దొరికిందో లేదో, ఖాస్రాలో ఏముందో చూసి రాయండి. సర్వే నంబరు గానీ, ఎవరి పేర్లు గానీ అందరికీ కనిపించేలా పెట్టకండి. అనుభవదారు కాలమ్‌లో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఎంట్రీ ఉందో చెబితే, మొదటి దరఖాస్తు ఎవరికి, ఎలా రాయాలో నేను చెబుతాను.